రూపాయి గుర్తు: కొన్ని ఆలోచనలు

రూపాయికి ఒక గుర్తు కావాలని మన కేంద్ర ప్రభుత్వానికి 2009లో తోచింది. గుర్తు లేని కారణాన అంతవరకూ ఏ బజారులోనూ రూపాయి చెల్లకుండా పోలేదు. గుర్తు లేని రూపాయితోనే జనం అప్పులు చేశారు, వడ్డీలు కట్టారు, పిల్లల పెళ్లిళ్లు చేశారు, పోయారు. అయినా ప్రభుత్వానికి ఒక లోటు కనిపించింది. డాలరుకు గుర్తు వుంది, పౌనుకు వుంది, యెన్నుకు వుంది, నిన్నగాక మొన్న పుట్టిన యూరోకు కూడా వుంది. మనకు మాత్రం ఇంగ్లీషువాడు వదిలిపోయిన ఆర్, యస్ అనే రెండక్షరాలు తప్ప మరేమీ లేదు. ఆ రెండక్షరాలనైనా పాకిస్తానూ, నేపాలూ, శ్రీలంకా మనతోపాటు వాడుకుంటూనే వున్నాయి. ప్రపంచపు బజారులో మన రూపాయిని ఇరుగుపొరుగుల రూపాయి నుంచి వేరుచేసి, పెద్దమనుషుల పంక్తిలో కూర్చోబెట్టాలి. ఇదీ ఉద్దేశం.

2009 మార్చి 5న పోటీ ప్రకటించారు. ప్రవేశ రుసుము 500 రూపాయలు. 3,331 గుర్తులు వచ్చాయి. అందులో అయిదింటిని ఏరి, చివరికి బొంబాయి ఐ.ఐ.టి.లో పరిశోధన చేస్తున్న డి. ఉదయకుమార్ అనే తమిళ యువకుడు గీసినదాన్ని 2010 జూలై 15న కేంద్ర మంత్రివర్గం ఆమోదించింది. ఆయనకు రెండున్నర లక్షల బహుమతి. మూడు నెలలు తిరక్కుండానే, ఆ అక్టోబరులో, ప్రపంచ భాషల అక్షరాలన్నిటికీ కంప్యూటరు అంకెలు కేటాయించే యూనికోడ్ పట్టికలో దానికి స్థానం దొరికింది. 2011లో నాణాల మీదికి ఎక్కింది, ఆ తర్వాత నోట్ల మీదికి ఎక్కింది. మన దేశంలో ఇంత చురుగ్గా జరిగిన పనులు ఎక్కువ లేవు.

ముందుగా ఆ గుర్తును గురించి నాలుగు మాటలు న్యాయంగా చెప్పాలి. దేవనాగరి ‘ర’ను తీసుకుని, దాని తలమీది అడ్డగీత కింద ఇంకొక అడ్డగీత గీశారు. అదే రూపాన్ని ఇంకోవైపు నుంచి చూస్తే నిలువు కాడ తీసేసిన రోమన్ ఆర్ అక్షరం. రెండు గీతలూ, మధ్యనున్న తెలుపూ కలిసి మూడురంగుల జెండాను తలపిస్తాయనీ, రెండు గీతలూ లెక్కల్లో వాడే ‘సమానం’ గుర్తు కూడా అవుతాయనీ దాన్ని గీసినవాడి వివరణ. బొమ్మగా చూస్తే మంచిదే. కలం రెండుసార్లు ఎత్తితే చాలు, రాయవచ్చు. పిల్లలు ఒక్కరోజులో నేర్చుకుంటారు. నేను ముప్పై యేళ్లకు పైగా లెక్కలు చెప్పినవాణ్ణి. త్వరగా రాయడానికి వీల్లేని గుర్తు ఎంత అందమైనదైనా పనికిరాదని నాకు తెలుసు. ఆ పరీక్షలో ఇది నెగ్గింది. సమానం గుర్తు సంగతి మాత్రం వేరు. వున్నవాడి రూపాయీ లేనివాడి రూపాయీ సమానమని చెప్పడానికి రూపాయి నెత్తినే చోటు దొరకడం విడ్డూరం. మా మిత్రుడొకాయన, అర్థశాస్త్రం చెప్పేవాడు, “రాజ్యాంగ పీఠికలోంచి సమానత్వాన్ని తీసుకెళ్లి నోటు మీద అచ్చేశారు, అక్కడైతే భద్రంగా వుంటుందని” అన్నాడు.

ఈ గుర్తును గురించి మనవాళ్లలో రెండు రకాల మాటలు వింటున్నాను. ఇది బూర్జువా వర్గపు ఆడంబరం, దీన్ని గురించి మాట్లాడ్డమే దండగ అనేవారొకరు. ఇది హిందీ పెత్తనానికి మరొక మేకు, దీన్ని వాడకూడదనేవారు మరొకరు. రెండింటిలోనూ నిజం లేకపోలేదు. కాని రెండూ నాకు చాలవు. ఎందుకు చాలవో చెప్పాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి.

భాష విషయం ముందు చూద్దాం. పోటీ ప్రకటనలోనే, గుర్తు భారత జాతీయ భాషాలిపిలో గాని, చిత్రరూపంలో గాని వుండాలన్న నిబంధన పెట్టారు. భారత జాతీయ భాష అనేది ఒకటున్నదని రాజ్యాంగం ఎక్కడా చెప్పలేదు. 343వ అధికరణం హిందీని కేంద్ర ప్రభుత్వ అధికార భాష అన్నది, అంతే. అంకెల విషయంలో అదే అధికరణం ఇంకా జాగ్రత్తగా వున్నది. కేంద్ర ప్రభుత్వ వ్యవహారాలకు అంతర్జాతీయ రూపంలోని అంకెలే వాడాలన్నది. దక్షిణాది సభ్యులు రాజ్యాంగసభలో పోట్లాడి సాధించుకున్న విషయమిది. 2016 నవంబరులో పాత అయిదువందలూ వెయ్యీ చెల్లవని, కొత్త నోట్లు తెచ్చినప్పుడు ఆ నోట్ల మీద దేవనాగరి అంకెలు కూడా ప్రత్యక్షమయ్యాయి. బ్యాంకుల ముందు వరసల్లో నిలబడ్డ జనానికి అంకెల లిపి చూసే తీరిక లేదు. అటువంటి రోజుల్లోనే అటువంటివి జరుగుతాయి.

అయితే గుర్తు విషయంలో నేను తమిళ మిత్రులంత దూరం వెళ్లను. 2025 మార్చిలో తమిళనాడు ప్రభుత్వం తన బడ్జెటు ముఖపత్రం మీద ఈ గుర్తు తీసేసి, తమిళంలో ‘రూ’ అనే అక్షరం పెట్టింది. అంతకుముందు రెండేళ్లు ఆ ప్రభుత్వమే ఈ గుర్తు వాడుకున్నది. మూడు భాషల విధానం మీద ఢిల్లీతో తగవు ముదిరి, విద్యాశాఖ నిధులు ఆగిపోయిన సమయమది. ఢిల్లీవారు దాన్ని వేర్పాటువాదమన్నారు. ఆ గుర్తు గీసిన ఉదయకుమార్ తండ్రి ద్రవిడ మున్నేట్ర కళగం తరఫున శాసనసభ్యుడిగా పనిచేసినవాడేనని పత్రికలు ఆసక్తిగా రాశాయి. ఇందులో వేర్పాటు ఏమీ లేదు. తెలుగు పత్రికలన్నీ ఈనాటికీ ‘రూ’ పక్కన చుక్క పెట్టే రాస్తున్నాయి. అవన్నీ దేశద్రోహం చేస్తున్నాయని ఎవరూ అనలేదు. నిధులు ఆపినవాడిని నిధుల దగ్గరే నిలదియ్యాలి. అక్షరం మార్చి బడ్జెటు ముఖపత్రం మీద పెట్టడం వల్ల బడికి ఒక్క పలక రాదు. అది నిరసన తెలపడానికి పనికొస్తుంది, నిజమే. దానికి మించి పనికిరాదు.

తెలుగులో రూపాయి రాయడం ఒక చిత్రమైన వ్యవహారం. గుర్తు అంకెకు ముందు వస్తుంది, మాట మాత్రం అంకె తర్వాత పలుకుతాము. పైగా మన విభక్తులు చివరన అంటుకుంటాయి. అందుచేత ‘రూ.500లకు’ అని రాసుకుంటున్నాము. రూపాయి తల అంకెకు ముందు, తోక అంకెకు వెనుక, కడుపు ఎక్కడా లేదు. చదివేటప్పుడు ‘అయిదువందల రూపాయలకు’ అని ఎవరికి వారే అతికించుకుంటారు. ఈ అతుకు చదువుకున్నవాళ్లకు తెలియకుండానే జరిగిపోతుంది. కొత్తగా చదువు నేర్చుకునేవాళ్లకు అది ఎంత పనో నాకు 1991లో తెలిసింది. దాని సంగతి తర్వాత చెబుతాను.

మా నాయన ఒక బట్టలకొట్టులో గుమాస్తాగా వుండేవాడు. ఆయన రాసిన చిట్టాలు రెండు ఇప్పటికీ నా దగ్గర వున్నాయి. వాటిలో రూపాయిని సున్నం పూసిన గోడ మీద బొగ్గుగీతంత తేలిగ్గా రాసేవాడు. ‘రూ’ రాసి, పక్కన రెండు నిలువు గీతలు కొట్టి, అంకె వేసేవాడు. అంకె తర్వాత మళ్లీ గీతలు. పావలాకు ఒక నిలువు గీత, అర్ధరూపాయికి రెండు, ముప్పావలాకు మూడు. అణాకు ఒక అడ్డగీత, బేడకు రెండు, మూడణాలకు మూడు. రెండు రూపాయల పదమూడణాలు రాయాలంటే, రెండు వేసి, మూడు నిలువు గీతలు, ఒక అడ్డగీత. రూపాయిని నాలుగు పాళ్లు చేసి, పావలాను మళ్లీ నాలుగు పాళ్లు చేసి, ఒక అంచెకు నిలువు గీతలు, మరొక అంచెకు అడ్డగీతలు కేటాయించిన పద్ధతి ఇది. ఎవరు కనిపెట్టారో పేరు లేదు. దానికి పోటీ జరగలేదు, బహుమతీ ఇవ్వలేదు. కరణాలూ, కోమట్లూ, గుమాస్తాలూ తరతరాలుగా అరగదీసి నునుపు చేసిన పనిముట్టు అది.

1957 ఏప్రిల్ 1న పదహారణాల రూపాయి పోయి నూరు నయాపైసల రూపాయి వచ్చింది. మంచి మార్పే. 192 పైలతో, 64 పైసలతో కుస్తీపట్టిన పిల్లలకు అది విముక్తి. లెక్కల మేస్టరుగా నేను దాన్ని తప్పుపట్టలేను. అయితే అణాకు ఆరుంపావు నయాపైసలు రావలసిన చోట ఆరని లెక్కగట్టారు. కొట్లో అణాకు అమ్మే సరుకు ఆరుకు అమ్మితే తనకు నష్టమని వ్యాపారి ఏడు చేశాడని మా నాయన చెప్పేవాడు. పావునయాపైసా ఎవరి వైపు మొగ్గాలో తేల్చవలసి వచ్చినప్పుడు అది కొనేవాడి వైపు మొగ్గదు. ఆ గీతలు కూడా ఆనాటితో పోయాయి. మా నాయన మాత్రం రిటైరయ్యేదాకా చేతి అలవాటు కొద్దీ అర్ధరూపాయికి రెండు గీతలు కొడుతూనే వున్నాడు. ఆ గీతలకు యూనికోడ్ పట్టికలో చోటు 2008లో దొరికింది, అవి వాడేవాళ్లు దాదాపు అందరూ పోయిన తర్వాత. రూపాయి గుర్తుకు మూడు నెలలు పట్టలేదన్నాను గదా; ప్రభుత్వం వెనకాల వుంటే లిపికి కూడా కాళ్లు వస్తాయి.

నిజాం రాజ్యంలో వేరే రూపాయి వుండేది. హాలీ సిక్కా అనేవారు. బ్రిటిషు రూపాయలు ఆరు పెడితే హాలీ రూపాయలు ఏడు. ఆ నోట్ల మీద ఉర్దూ, ఇంగ్లీషులతోపాటు తెలుగూ, మరాఠీ, కన్నడమూ అచ్చువేసేవారు. బడిలో ఉర్దూకే పెద్దపీట వేసిన రాజ్యం నోటు మీద తెలుగు అచ్చువేసింది. పన్ను వసూలు చేసుకోవలసిన చోట ప్రజల భాష అవసరం ఎవరికైనా అర్థమవుతుంది. బ్రిటిషువాడి నోట్ల మీదా తెలుగు వుండేది, మన నోట్ల మీదా వుంది. ఇప్పటి నోటు వెనుక పదిహేను భాషల వరసలో తెలుగు పధ్నాలుగోది, ఉర్దూకు పైన. మనం చదివింపుల్లో ఇచ్చే నూటపదహార్లు కూడా ఈ హాలీ సిక్కా మారకం నుంచే వచ్చాయని, నూరు బ్రిటిషు రూపాయలకు నూటపదహారు హాలీ రూపాయలని, ఒక కథ చెబుతారు. ఆరుకు ఏడు చొప్పున నూటికి కట్టి చూస్తే 116 రూపాయల 10 అణాల 8 పైలు వస్తుంది. కథ చెప్పేవాళ్లు పదణాల ఎనిమిది పైలను దక్షిణ కింద వదిలేసినట్టున్నారు.

ఇక 1991 సంగతి. నెల్లూరు జిల్లాలో సంపూర్ణ అక్షరాస్యతా ఉద్యమం మొదలైనప్పుడు నేను పగలు హైస్కూల్లో చెప్పి రాత్రిళ్లు ఒక హరిజనవాడలో చదువు చెప్పేవాణ్ణి. వచ్చేవాళ్లలో ఎక్కువమంది వరి నాట్లకూ, కలుపులకూ వెళ్లే ఆడవాళ్లు. వాళ్లకు అంకెలు కొంత తెలుసు. నోటు రంగును బట్టి, సైజును బట్టి పోల్చుకునేవాళ్లు. అక్షరాల్లో వాళ్లకు మొట్టమొదట కావలసి వచ్చినవి తమ పేరు, ఊరి పేరు, ఆ తర్వాత ‘రూ’. కూలి చీటీ మీదా, అప్పు కాగితం మీదా వుండే అక్షరం అదే గనక. ఒకామె, అప్పటికి నలభై యేళ్లుంటాయి, పలక మీద ‘రూ’ రాసి అడిగింది:

“అయ్యోరా, యీ రూ పక్కన చుక్క యెందుకూ?”

“మిగతా మాట రాయకుండా మింగేశామని గుర్తమ్మా.”

“మింగేది వాళ్లకి అలవాటే గదా. చుక్క పెట్టి మరీ మింగతారా?”

ఆ వాడలో చాలా రోజులు అది సామెత అయిపోయింది. ఎవరైనా కూలి తగ్గించి ఇస్తే “చుక్క పెట్టాడు” అనేవాళ్లు.

ఆమే తర్వాత ఒకరోజు ఒక ప్రామిసరీ నోటు నకలు తెచ్చింది. ఒక ఆసామి దగ్గర 600 రూపాయలు తీసుకుని వేలిముద్ర వేసింది. ఆసామి 1600 అంటున్నాడు. కాగితం చూస్తే 1600 అనే వుంది. ‘రూ’కూ అంకెకూ మధ్య జానెడు చోటు వదిలి రాశారు, ఆ చోట్లో ఒకటి వచ్చి కూర్చుంది. ‘అక్షరాల’ అన్న మాట తర్వాత వుండవలసిన గీతల మీద, వేలిముద్ర వేసేనాటికి ఏమీ రాయలేదట. ఇప్పుడు వెయ్యిన్ని ఆరువందల రూపాయలు మాత్రమే అని చక్కని దస్తూరీలో రాసి వుంది. మా నాయన ‘రూ’ పక్కన రెండు నిలువు గీతలు అంకెకు ఆనించి ఎందుకు కొట్టేవాడో, అంకె చివర అడ్డంగా ఒక గీత ఈడ్చి ఎందుకు వదిలేవాడో నాకు ఆ కాగితం చూసినప్పుడు అర్థమయింది. ముందు గీతలు ముందునుంచి వచ్చే దొంగకు, వెనక గీత వెనకనుంచి వచ్చే దొంగకు. గుర్తు అలంకారం కాదు. అది తలుపు గడియ. గడియ ఎవరి చేతిలో వున్నదనేదే అసలు ప్రశ్న, అది ఏ లిపిలో చేసిన గడియ అన్నది తర్వాతి ప్రశ్న.

కోర్టుకు వెళ్లే స్తోమత ఆమెకు లేదు. ఊరి పెద్దమనుషులు కూర్చుని 1100కు మధ్యస్థం చేశారు. ఆరువందల నిజానికీ వెయ్యి రూపాయల అబద్ధానికీ మధ్య సరిగ్గా సగం దగ్గర గీత గీశారన్నమాట. ఆమె రెండేళ్లు కట్టింది. ఈలోగా దూబగుంటలో మొదలైన సారా వ్యతిరేక ఉద్యమం జిల్లా అంతా పాకింది. రాత్రిబళ్లలో కూడిన ఆడవాళ్లే సారా దుకాణాల మీదికి వెళ్లారు. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది. అక్షరాలు నేర్పినందువల్లనే ఉద్యమం వచ్చిందని మేస్టర్లు గొప్పలు చెప్పుకుంటారు. ఉద్యమానికి కావలసిన కోపం వాళ్ల దగ్గర ముందునుంచీ వుంది. రాత్రిబడి వాళ్లను ఒక చోట కూర్చోబెట్టింది. నేను చూసినంతవరకు అదీ నిజం. సారాకు పోయే డబ్బు మిగిలిన తర్వాత రోజుకు ఒక రూపాయి చొప్పున దాచుకునే పొదుపులక్ష్మి సంఘాలు పెట్టుకున్నారు. ఆ పుస్తకాల్లో ప్రతి వరసలోనూ ‘రూ. 1’ అని రాసేవాళ్లు. ‘రూ’ దీర్ఘం గాలిలోకి లేచిపోతుండేది, చుక్క మాత్రం గట్టిగా పెట్టేవాళ్లు.

అందువల్ల కొత్త గుర్తు దేవనాగరిలో వున్నదని మాత్రమే నేను దానిమీద కోపగించుకోను. ఆ వాడలోని ఆడవాళ్లకు దేవనాగరి ‘ర’ ఎంత కొత్తో, రోమన్ ఆర్ కూడా అంతే కొత్త. అంతకుముందు తెలుగు ‘రూ’ కూడా అంతే కొత్త. బొమ్మగా నేర్చుకోవలసినదాన్ని బొమ్మగా నేర్చుకుంటారు. ఇప్పుడు కిరాణా పొట్లాల మీద, బస్సు టిక్కెట్ల మీద చూసి చదువురానివాళ్లు కూడా దాన్ని పోల్చుకుంటున్నారు. పైగా అన్ని భాషలవారికీ ఒకటే గుర్తు కనుక, ఒరిస్సా నుంచి ఇటుక బట్టీలకు వచ్చిన కూలీకి గుంటూరులో ధర చదువుకోవడానికి తెలుగు రానక్కరలేదు. ఈ సదుపాయం చిన్నది కాదు. ఆడంబరమని కొట్టిపారేసేవాళ్లు వలస కూలీ వైపు నుంచి ఒకసారి చూడాలి.

ప్రపంచపు బజారులో గౌరవం వస్తుందన్న మాట మాత్రం ఒట్టిది. గుర్తు ఆమోదించిన నాడు డాలరుకు 46, 47 రూపాయలుండేది. 2024 డిసెంబరులో 85 దాటింది. మన తర్వాత గుర్తులు పెట్టుకున్నవాళ్ల సంగతీ అంతే. తుర్కీవాళ్లు 2012లో లీరాకు గుర్తు పెట్టారు. అప్పుడు డాలరుకు రెండు లీరాల లోపు, 2024లో ముప్పై దాటింది. రష్యావాళ్లు 2013 డిసెంబరులో రూబులుకు గుర్తు పెట్టారు; అప్పుడు 33 దరిదాపుల్లో వుండేది, ఏడాది తిరిగేసరికి యాభై దాటింది. గుర్తు పెట్టడం వల్లనే పడిపోయిందని నేననడం లేదు. చమురు ధర, అప్పులు, యుద్ధం, ఆంక్షలు వీటికి కారణాలు. తిలకం దిద్దితే జ్వరం తగ్గదన్నదే నా మాట. 2025 ఫిబ్రవరిలో సౌదీ రియాలుకు, మార్చిలో దుబాయి దిర్హముకు కొత్త గుర్తులు వచ్చాయి. కరీంనగరు, నిజామాబాదు, కడప జిల్లాలనుంచి వెళ్లి అక్కడ ఇళ్లు కట్టే మనవాళ్లు ఇప్పుడు ఇరువైపులా గుర్తులున్న రసీదు పుచ్చుకుంటున్నారు. రూపాయి పడిపోతే వాళ్ల ఇంటికి నాలుగు రూపాయలు ఎక్కువ వస్తాయి. వాళ్ల ఊళ్లో నూనె ధర పెరిగి ఆ నాలుగూ తిరిగి పోతాయి.

ఇక మిగిలింది యంత్రాల సంగతి. యూనికోడ్‌లో చోటు దొరికినా, కంప్యూటర్లలోకి గుర్తు దిగడానికి కొంతకాలం పట్టింది. ఈలోగా తొందరపడ్డవాళ్లు ఒక తాత్కాలిక అక్షరాల మూస తయారుచేసి, మీటల పలక మీద ఎడమవైపు పైమూల ఎవరూ వాడని ఏటవాలు గీత వుంటే, దాని చోట రూపాయి గుర్తు పెట్టారు. ఆ మూస వున్న యంత్రంలో రూపాయి కనపడుతుంది, లేని యంత్రంలో ఈగ వాలినట్టు ఏటవాలు గీత కనపడుతుంది. నేను 2011లో రిటైరయ్యాను. ఒక కార్యాలయం నుంచి నాకు రావలసిన మొత్తాలు తెలుపుతూ వచ్చిన కాగితంలో ప్రతి అంకె ముందూ ఒక ఈగ వాలి వుంది. జాతి గౌరవచిహ్నానికి కూడా గుమాస్తా బల్ల దగ్గర ఇదే గతి.

అంతకన్నా ముఖ్యమైనది సెల్‌ఫోను. కూలి డబ్బులూ, పింఛన్లూ బ్యాంకుల్లో పడడం మొదలైన తర్వాత డబ్బు వచ్చిందని తెలిసేది సందేశం ద్వారానే. 2006లో అనంతపురం జిల్లా బండ్లపల్లిలో ఉపాధి హామీ పథకం ప్రారంభించినప్పుడు కూలీ చేతికి చీటీ ఇవ్వాలని, పోస్టాఫీసులో డబ్బివ్వాలని ఏర్పాటు చేశారు. చీటీ చేతిలో వుంటే నలుగురికీ చూపించి చదివించుకోవచ్చు. సందేశం అలా కాదు. అది ఇంగ్లీషులో వస్తుంది. అందులో రూపాయి గుర్తు కూడా వుండదు, ఐ.ఎన్.ఆర్. అని వుంటుంది. నేను పైన చెప్పిన ఆమె ఇప్పుడు డెబ్బై దాటిన మనిషి. ఒకనాడు ఫోను తెచ్చి చూపించింది. మనవడు ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కుని చదివి చెప్పాడట.

“అయ్యోరా, యీ ఐ.ఎన్.ఆర్. యెవురు? మన యన్.టి.ఆర్. మాదిరిగా యెవురన్నా కొత్తగా వచ్చినారా?”

భారతీయ రూపాయికి అంతర్జాతీయ బ్యాంకులు వాడుకునే మూడక్షరాల పేరది. ఇంత ఖర్చుపెట్టి గుర్తు తెచ్చుకున్న దేశంలో సొంత పౌరుడికి పంపే సందేశంలో ఆ గుర్తు ఎందుకు లేదో విచారించాను. సెల్‌ఫోను సందేశాలకు యూరపు ఇంజనీర్లు మొదట ఏర్పరచుకున్న అక్షరాల పట్టిక ఒకటుంది. అందులో డాలరు వుంది, పౌను వుంది, యెన్ వుంది, తర్వాత యూరో చేర్చారు. రూపాయి లేదు. ఆ పట్టికలోని అక్షరాలతోనే రాస్తే ఒక సందేశంలో 160 అక్షరాలు పడతాయి. పట్టికలో లేని అక్షరం ఒక్కటి చేరినా, మామూలుగా, మొత్తం సందేశం వేరే పద్ధతిలోకి మారి 70 అక్షరాలే పడతాయి. మిగిలినదానికి రెండో సందేశం ఖర్చు, మూడో సందేశం ఖర్చు. రూపాయి గుర్తు ఒక్కటి పెడితే చాలు, ఖర్చు పెరుగుతుంది. తెలుగు అక్షరం ఒక్కటి పెట్టినా అంతే. ఢిల్లీ గుర్తూ, మన ‘రూ’ కూడా ఇక్కడ ఒకే గుమ్మం బయట నిలబడి వున్నాయి.

మేము కొందరం కలిసి ఆ వాడవాళ్ల ఖాతాలున్న బ్యాంకు శాఖకు వెళ్లి, సందేశాలు తెలుగులో పంపమని అడిగాము. అక్కడి అధికారి మంచివాడే, కుర్చీలు వేయించాడు. తెలుగులో పంపితే ఒకదాని చోట రెండు మూడు సందేశాలవుతాయని, పైవాళ్లు ఒప్పుకోరని చెప్పాడు. మనిషికి నెలకు ఎంత అదనంగా అవుతుందని అడిగాను. ఆయన కాసేపు కాగితం మీద లెక్కవేశాడు. పైసల్లోనే తేలింది. ఖాతాలో కనీస మొత్తం లేదని వీళ్ల దగ్గర కోసుకున్నవి రూపాయల్లో వున్నాయి. ఆ పద్దులు కూడా చూపించాము. నలభైమంది సంతకాలతో అర్జీ ఇచ్చాము. అందులో ముప్పైరెండు సంతకాలు, ఎనిమిది వేలిముద్రలు. మొత్తాలన్నీ అంకెల్లోనూ, అక్షరాల్లోనూ, మధ్యలో చోటు వదలకుండా నేనే రాశాను. అర్జీ అందినట్టు రసీదు ఇచ్చారు. ఇంగ్లీషులో వుంది.